వెనక గది అప్పగింత

క్వార్టరు ఎలాటయిందని కాయితం వచ్చిన రోజున తాయారు రవ్వకేసరి చేసి చుట్టుపక్కల నాలుగిళ్ళకీ పంచింది. పన్నెండేళ్ళపాటు బిందెలతో మేడమీదికి నీళ్ళు మోసిన మనిషి మరి. ఉక్కునగరంలో పంపు తిప్పితే చాలు, నీళ్ళట. వంటింట్లో నిలబడి వండుకోవటానికి గట్టట. పదమూడేళ్ళ కూతురు రాజ్యం ఆ గట్టు ఎంతెత్తుంటుందో చేత్తో చూపిస్తూ రెండు రోజులు ఇల్లంతా తిరిగింది.

తాయారు వాళ్ళది కోనసీమ. మొగుడు కామరాజుకి పోర్టులో పని దొరకటంతో డెబ్భైనాలుగులో విశాఖపట్నం వచ్చారు. ఆ తర్వాత అతను స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా చేరాడు. ఉద్యోగం మారింది గాని ఇల్లు మారలేదు. మహారాణిపేటలో, పెద్దాసుపత్రి దిగువ సందులో, గురునాథరావు మేడమీద వాటా. ముందు హాలు, పక్కన వంటగది, ఆ వెనక కిటికీ లేని గది ఒకటి. ఆ గదిలో ఒకప్పుడు ఇంటివాళ్ళు చింతపండు నిలవ చేసుకునేవారు. అందుకే దాని తలుపుకి గడియ లోపల ఉండదు, బయట ఉంటుంది.

కింద వాటాలో గురునాథరావు, అతని తల్లి జోగమ్మ ఉండేవారు. గురునాథరావు భార్య పోయి చాలాకాలమైంది. ఒక్కగానొక్క కూతురు గౌరీశ్వరిని ఎలమంచిలిలో ఇచ్చాడు. నెమ్మదైన మనిషి. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా ఖాళీ చెయ్యమన్న మాట అతని నోట రాలేదు. కామరాజుని నోరారా 'బావా' అని పిలిచేవాడు.

అద్దె కాయితం మాత్రం కామరాజు పేరున లేదు. ఇంట్లో దిగిన రోజున అతను డ్యూటీలో ఉంటే, అతని తల్లి మంగాయమ్మ వేలిముద్ర వేసింది. ఆవిడ పోయి ఏడేళ్ళయినా రసీదులు ఇప్పటికీ ఆవిడ పేరునే వస్తాయి. రాసేవాడికీ అలవాటే, తీసుకునేవాడికీ అలవాటే.

కామరాజు అన్నీ పద్ధతి ప్రకారం జరగాలనే మనిషి. కోర్టు దగ్గర తెలిసిన వకీలుంటే కలిసి వచ్చి, అన్నం దగ్గర కూర్చుని పెళ్ళానికి అప్పజెప్పాడు.

"నోటీసు కాయితం మీద ఇవ్వాలంట. రిజిస్టరు పోస్టులో పంపితే మరీ మంచిదంట. ఇల్లు ఎలా తీసుకున్నామో అలాగే అప్పగించాలి. గోడకి మేకు కొట్టి పెచ్చు ఊడగొడితే మన పూచీ. గచ్చు అరిగితే మన పూచీ కాదు. పన్నెండేళ్ళు మనుషులు తిరిగిన ఇల్లు అరక్కుండా ఎలా ఉంటుంది?"

"కాయితం అత్తయ్య పేరున ఉంది కదండీ?" అంది తాయారు.

"అదీ అడిగాను. అమ్మ పోయేనాటికి కూడా ఉన్నవాళ్ళం మనమే గదా. హక్కూ మనదే, బాధ్యతా మనదే. చచ్చిపోయినావిడ వచ్చి ఖాళీ చెయ్యదులెండి అని నవ్వాడాయన."

తాయారు నవ్వలేదు. పెరుగు గిన్నె తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆషాఢంలో ఇల్లు మారకూడదు గనక శ్రావణమాసం మొదటివారంలో మంచిరోజు చూసుకున్నారు. సామాన్లు కట్టటం మొదలుపెట్టారు. అటక మీది ఇత్తడి సామానుతోబాటు పాత ట్రంకు పెట్టె, రాజ్యం చిన్నప్పటి గౌన్లు, ఊయల గొలుసులు, ఒక్కొక్కటే కిందికి దిగాయి. ఇల్లు డొల్లగా అయ్యేకొద్దీ తాయారుకి ఒక వాసన తెలియసాగింది. కిరసనాయిలు వాసన. ఇంట్లో గ్యాసు వచ్చి నాలుగేళ్ళయింది. చుక్క కిరసనాయిలు లేదు. అయినా మధ్యాహ్నం మూడయ్యేసరికి వెనక గది వైపునించి సన్నగా, తడిగా, ముక్కుకి పట్టుకునేది. కామరాజుని అడిగితే తనకేమీ తెలియటం లేదన్నాడు. రాజ్యం కూడా అంతే.

ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చూసుకోవటానికి గురునాథరావు పైకి వచ్చాడు. మోకాళ్ళ నొప్పుల జోగమ్మ సగం మెట్లెక్కి, ఆయాసం తీర్చుకోవటానికి అక్కడే చతికిలబడింది. గురునాథరావు హాలు చూశాడు, వంటగది చూశాడు. "గోడలకి మీరే సున్నం కొట్టించినారు. నానేటి అడుగుతాను బావా?" అని నవ్వాడు. ఆ నవ్వుతోనే వెనక గదిలోకి వెళ్ళి, తలుపు లోపలివైపు చూద్దామని దగ్గరికి వేశాడు. 

"ఇదేటి బావా? పిల్లినేటైనా పెంచినారా?"

కామరాజు, తాయారు గదిలోకి వెళ్ళారు. తలుపుకి లోపలివైపు, నేల దగ్గర్నించి మోకాలెత్తు దాకా రంగు లేచిపోయి ఉంది. చెక్క నిండా గీతలు. నాలుగేసి గీతలు పక్కపక్కన, పైనించి కిందికి. కొన్ని పాతబడి నల్లగా ఉన్నాయి. కొన్ని తెల్లగా, పచ్చిగా ఉన్నాయి. వాటికింద నేలమీద చెక్కపొట్టు ఇంకా రాలి ఉంది.

కామరాజు వంగి చూశాడు. "పాత తలుపు కదండీ. అరుగుదల. పన్నెండేళ్ళ అరుగుదల," అన్నాడు.

"అరుగుదల కాదురా నాయినా," అంది మెట్లమీంచి జోగమ్మ. ఆవిడ కూర్చున్న చోటుకి ఆ తలుపు కనపడదు. "అది మడిసి."

గురునాథరావు తల వంచుకున్నాడు. చెప్పాలా వద్దా అన్నట్టు భుజంమీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"ఏనాడో సెప్పుదామనుకున్నాను బావా. ఎండాకాలంలో మీరు ఊరెల్తారు సూడు, అప్పుడు మీ వాటాకి తాళమేసుంటాది. పగలు మూడు దాటీసరికి పైన తలుపు కొట్టిన సప్పుడు. లోపల్నించి కొడతారు. గంట కొడతారు, రెండు గంటలు కొడతారు. అప్పుడాగిపోద్ది. మీ అమ్మే గదా, మీ మడిసే గదా అని మేం ఊరుకున్నాం. ఇప్పుడు మీరెల్లిపోతే..."

"పోతే?"

"మా గౌరీశ్వరికి ఏడో నెల. పురిటికొస్తంది. కిందంతా తడి, గాలి నేదు. ఈ వాటాలో ఉంచుదామనుకున్నాను. కొడతన్నాది ఎవలు నాన్నా అని ఆ గుంట అడిగితే నానేటి సెప్పాల?"

కామరాజు మొహం ఎర్రబడింది. "ఇంతకీ ఏమంటారు గురునాథంగారూ?"

"ఖాళీ సేసి తాళమియ్యండి, కళ్ళకద్దుకుని తీసుకుంటాను. మడిసుండగా ఖాళీ ఎలగవుద్ది? కాయితం ఆవిడి పేర్న ఉన్నాది. ఆవిడి ఎల్లాల బావా."

పన్నెండేళ్ళలో ఆ ఇద్దరూ మాటా మాటా అనుకున్నది ఆ రోజే. తాళం తీసుకోకపోతే రిజిస్టరు పోస్టులో పంపిస్తాననీ, ఇద్దరు సాక్షుల్ని పెట్టి సంతకాలు చేయిస్తాననీ కామరాజు అరిచాడు. నిజమే, చట్టం అతని పక్కనే ఉంది. గురునాథరావు తల్లిని చెయ్యి పట్టుకుని నెమ్మదిగా కిందికి దింపుకుపోయాడు.

తాయారు మాత్రం ఆ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఆ గీతల సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. నల్లబడ్డ గీతల సంగతి.

డెబ్భైతొమ్మిదిలో మంగాయమ్మకి మతి చలించింది. తలుపు తీసుంటే చాలు, గోదారికి వెళ్తున్నానంటూ సముద్రంవైపు నడిచిపోయేది. రెండుసార్లు జాలరిపేట ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించారు. అప్పట్నించీ బయటికి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా తాయారు అత్తగారిని వెనక గదిలో కూర్చోబెట్టి గడియ పెట్టేది. పది నిమిషాలు. మహా అయితే పావుగంట. మొగుడికి చెప్పలేదు. చెబితే బాధపడతాడని చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం రేషను షాపులో కిరసనాయిలు పోస్తున్నారని తెలిసి డబ్బా పట్టుకుని వెళ్ళింది. రెండింటికి క్యూలో నిలబడింది. ముందు అరవైమంది. మూడయింది, నాలుగయింది. మధ్యలో వచ్చేస్తే వంతు పోతుంది. ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకుంటూ నిలబడింది. ఇంటికొచ్చేసరికి అయిదున్నర.

గడియ తీస్తే తలుపు రాలేదు. లోపల అడ్డంగా ఏదో బరువు. నెట్టింది.

ఆ బరువుని మంచంమీదికి చేర్చి, చీర సర్ది, వేళ్ళు తడిగుడ్డతో తుడిచి, అప్పుడు కేక పెట్టింది. నిద్రలోనే వెళ్ళిపోయింది, పుణ్యాత్మురాలు అన్నారందరూ. పెద్దకర్మ అయ్యాక తాయారు తనే ఒక డబ్బా రంగు తెచ్చి ఆ తలుపుకి రెండు పూతలు వేసింది.

ఇప్పుడు ఆ రంగు కిందనించి ఎవరు గీకారు? తాము ముగ్గురూ రోజూ తిరుగుతున్న ఇంట్లో, ఎప్పుడు గీకారు?

మర్నాడు కామరాజు డ్యూటీకి వెళ్ళగానే తాయారు కిందికి దిగింది. జోగమ్మ అరుగుమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తాయారు పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక తనూ నాలుగు రాళ్ళు ఏరింది.

"నువ్వు సెప్పక్కర్నేదు పిల్లా," అంది జోగమ్మ చేటలోంచి తలెత్తకుండానే. "ఆ పొద్దు నాను కిందే ఉన్నాను."

తాయారు చేతులు ఆగిపోయాయి.

"సప్పుడిన్నాను. నువ్వేదో దంచుతన్నావనుకున్నాను. ఇంతసేపు ఏటి దంచుతాదీ ఈ గోదారి పిల్ల అని నవ్వుకున్నాను గూడాను. లేసెల్లి సూడనేదు." ముసలావిడ చేట పక్కకి పెట్టింది. "ఏడేళ్ళనుంచి ఎక్కడ దంపుడు సప్పుడిన్నా నాకు ముద్ద దిగదు. తప్పు నీ ఒక్కదానిదే కాదు."

ఏడేళ్ళుగా లోపలే గడ్డకట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది తాయారుకి. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గౌరీశ్వరి ఆ వాటాలో పురిటికి ఉండాలి. తాళం పోస్టులో పంపించేసి తన దారిన తాను వెళ్ళిపోతే, ఆ తలుపు కొట్టే చెయ్యి ఆ పిల్లకి మిగులుతుంది.

"నన్నేం చెయ్యమంటారు పిన్నిగారూ?"

"పిలవాల. ఇల్లు మారతన్నప్పుడు ఇంట్లో పెద్దోళ్ళకి సెప్పకుండా ఎల్లిపోతారేటి? ఇత్తడి సెంబుతో నీళ్ళట్టుకెళ్ళి ఆ గదిలో ఎట్టు. వరసపెట్టి పిలు. వొస్తే సెంబు బరువెక్కుద్ది. కొత్తింటి పెరట్లో ఏదో మొక్కకి ఆ నీళ్ళు పోసీ. అంతే." అని, ఏదో గుర్తొచ్చినట్టు తాయారు చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తలుపు బార్లా తీసుంచు. మూసుకోనీకు. ఇన్నావా? మూసుకోనీకు."

లారీ వచ్చిన రోజున పొద్దుట్నించీ ముసురు. మంచాలమీద టార్పాలిన్లు కప్పి మధ్యాహ్నం రెండింటికి బయల్దేరదీశారు. కామరాజు, రాజ్యం డ్రైవరు పక్కన ఎక్కారు. "చీపురు వేసేసి తాళం గురునాథంగారి చేతిలో పెట్టు. తీసుకోకపోతే గుమ్మం మీద పెట్టి బస్సెక్కెయ్," అన్నాడు కామరాజు. లారీ సందు మలుపు తిరిగిపోయింది. తాయారు మెట్లెక్కింది.

సామాను లేని ఇల్లు అడుగు వేస్తే అడుగు చప్పుడు తిరిగి ఇస్తోంది. గోడలమీద పటాలు ఉన్న చోట్ల తెల్లటి చతురస్రాలు. హాలు ఊడ్చింది. వంటగది ఊడ్చింది. పగలే అయినా మబ్బుకి సాయంత్రంలా ఉంది. కరెంటు పోయింది. వంటగది రేకుల మీద వాన గట్టిగా పడుతోంది. ఆ వానలోంచి, తడిమట్టి వాసనలోంచి, కిరసనాయిలు వాసన వచ్చింది.

మూడవుతోంది.

వెనక గది తలుపు పూర్తిగా తీసి, కదలకుండా ఇటుక పెట్టింది. ఇటుక చాలదనిపించి రెండోది పెట్టింది. ఇత్తడి చెంబునిండా నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గుమ్మం దాటకూడదనే అనుకుంది. కాని గది నడిమధ్యన చెంబు పెట్టాలంటే నాలుగడుగులు లోపలికి వెయ్యక తప్పలేదు.

వేసింది. చెంబు పెట్టింది.

"అత్తయ్యా... ఇల్లు మారిపోతున్నాం. మీరూ రండి."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అత్తయ్యా, రండి. మనం వెళ్ళిపోదాం."

వెనక ఇటుక జరిగిన చప్పుడు.

తిరిగి చూసేసరికి తలుపు మూసుకుంటోంది. గాలికి కొట్టుకున్నట్టు కాదు. పసిపిల్ల నిద్ర లేస్తుందేమోనని తల్లి దగ్గరికి వేస్తుందే, అలా... మెల్లిగా. తాయారు పరుగెత్తింది. చెయ్యి తలుపుకి తగిలేలోపల బయట గడియ జారింది. టక్.

చీకటి.

"గురునాథంగారూ!" తలుపు బాదింది. "పిన్నిగారూ! తలుపు తియ్యండి! నేను తాయారుని!"

రేకులమీద వాన. కిందివాళ్ళకి వినపడదు. వినపడినా... ఏదో దంచుతోందనుకుంటారు.

ఎంతసేపు కొట్టిందో తెలియదు. అరచేతులు మండిపోయాయి. తలుపుకి ఆనుకుని నేలమీదికి జారిపోయింది. జారాక మళ్ళీ కొట్టింది. అప్పుడు చేతికి గీతలు తగిలాయి. అవి అంత కిందికి ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. నిలబడి ఎంతసేపని కొడతారు ఎవరైనా?

వాన ఒక్కసారిగా సన్నగిల్లింది. ఆ నిశ్శబ్దంలో ఊపిరి వినపడింది.

తనది కాదు.

వెనక. గది మూలన. ముసలి ఊపిరి... గొంతులో పిల్లికూతలా... తీసి... వదిలి... తీసి...

తాయారు కదలలేదు. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఊపిరి దగ్గరికి వచ్చింది. మెడమీద చల్లగా తగిలింది. కిరసనాయిలు వాసన గుప్పుమంది.

"క్యూ..." అంది చెవి దగ్గర గొంతు. "క్యూ అయిపోయిందా?"

తాయారు నుదురు తలుపుకి ఆనించింది.

"నేనే గడియ పెట్టానత్తయ్యా. ఆలస్యమైపోయింది. నేనే..."

తర్వాత తల నిమిరినట్టు ఒక చెయ్యి. తడిగా.

"సరేలే," అంది గొంతు. "ఇక నువ్వు కూచో."

గడియ జారింది. తలుపు సందులోంచి వెలుతురు గీతలా పడింది.

ఆ తర్వాత సంగతి తాయారుకి ముక్కలు ముక్కలుగానే తెలుసు. చెంబు ఎత్తబోతే రెండు చేతులూ కావలసి వచ్చాయి. అంత బరువు. మెట్లు ఎప్పుడు దిగిందో, సందు ఎలా దాటిందో తెలియదు. సిటీబస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో చెంబుతో, గాజువాక దాటుతుండగా ఒంటిమీద తెలివి వచ్చింది. అప్పటికి వాన వెలిసింది. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది, జ్వరం దిగినట్టు.

కొత్తింటి పెరట్లో ఎవరో వేసి వెళ్ళిన జామమొక్కకి ఆ నీళ్ళు పోసింది.

రోజులు బాగానే గడిచాయి. గురునాథరావు తాళం తీసుకున్నాడు. ఇల్లు ఖాళీగా ముట్టిందని రాసి సంతకం పెట్టి, ఇవ్వాల్సిన అడ్వాన్సు కూడా పంపించాడు. "చూశావా, పద్ధతిగా వెళితే ఎవరైనా దిగొస్తారు," అన్నాడు కామరాజు. తాయారు ఊఁ అంది. ఆమెకి మధ్యాహ్నాలు మంచి నిద్ర పట్టేది. ఏడేళ్ళలో పట్టని నిద్ర.

వినాయకచవితి వెళ్ళిన నాలుగోరోజు సాయంత్రం, కామరాజు రెండోషిఫ్టుకి వెళ్ళాక, ఎవరో తలుపు తట్టారు. గురునాథరావు. గొడుగు చంకలో ఉంది. చొక్కా చెమటకి తడిసి వీపుకి అతుక్కుంది. తాయారు మొహంవంక చూశాడు. తర్వాత పాదాలవంక చూశాడు. మళ్ళీ మొహంవంక చూశాడు.

"లోపలికి రండి. మంచినీళ్ళు..."

"ఒద్దమ్మా. బావ నేడా?"

"డ్యూటీకెళ్ళారు. గౌరీశ్వరి వచ్చిందా?"

"వొచ్చి వారమైంది." గుమ్మం బయటే నిలబడ్డాడు. "మూడు దినాల్నుంచి మళ్ళీ కొడతన్నారు."

"అత్తయ్యని నాతో తీసుకొచ్చేశాను గదండీ," అంది తాయారు.

"మీ అత్త గొంతు నానెరగనేటి? అది ఆవిడి గొంతు కాదు." అతను గొంతు తగ్గించాడు. "'గురునాథంగారూ, పిన్నిగారూ, తలుపు తియ్యండి, నేను తాయారుని' అంటన్నాది."

తాయారు ద్వారబంధం పట్టుకుంది.

"తాళమిచ్చిన పొద్దు మీరు నాతో ఏటన్నారో గేపకముందా తల్లీ?"

"తాళం... నేనిచ్చానా?"

"మీరే ఇచ్చినారు. నా నెత్తిమీద సెయ్యేసి, 'నాయనా గురునాథం, పిల్లాపాపల్తో చల్లగా ఉండు' అన్నారు. మీరు నాకంటే పదేళ్ళు సిన్న. ఇదేటి ఇలగంటన్నాదీ అనుకున్నాను. మీ అత్త గదా అలగ దీవించీది, మీరెప్పుడూ అననేదు."

లోపల రాజ్యం లెక్కలు చేసుకుంటోంది. పెన్సిలు గీతల చప్పుడు బయటికి వినపడుతోంది.

"మా గుంట జడిసిపోయి మంచం దిగటం నేదు. ఇయ్యాల పొద్దున్న నానెల్లి గడియ తీసీసినాను," అన్నాడు గురునాథరావు. "లోపల ఎవలూ నేరు. గచ్చుమీద తడి అడుగులున్నాయి. నా పక్కనుంచే ఎల్లిపోనాయి. మెట్లు దిగినాయి. సందు దాటి కూడా ఎంట ఎల్లినాను. ఎండ కాస్తన్నాది, అయినా ఆ అడుగులు ఆరడం నేదు. పోర్టు రోడ్డెక్కి ఇటేపు తిరిగినాయి. తీసి తప్పు సేసినానో ఏటో నాకు తెల్దు. మా గుంటని ఊరుకోబెట్టీసరికి మద్దేన్నం దాటిపోనాది. అప్పుడు మీకు సెప్పాలని బస్సెక్కీసినాను."

"ఎన్నింటికి తీశారు?"

"పదయింది."

తాయారు లోపలికి తిరిగి గోడ గడియారంవంక చూసింది. అయిదుంబావు.

"నడిచొస్తే ఎంతసేపు పడుతుందండీ?" అంది.

గురునాథరావు ఆమెకి వీపు చూపించకుండా, ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగి, గేటు దాటాక గబగబా బస్టాపువైపు నడిచిపోయాడు.

తాయారు తలుపు వేసి గడియ పెట్టింది. కుర్చీ తెచ్చుకుని తలుపుకి ఎదురుగా కూర్చుంది. ఆరయింది. వీధిదీపాలు వెలిగాయి. పొయ్యిమీద ఏమీ పెట్టలేదు. ఆరున్నరయింది. రాజ్యం పుస్తకం మూసి వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"ఎవరికోసమే అమ్మా, అలా కూర్చున్నావు?"

"తాయారు వస్తుందే," అంది. "ఎప్పుడనగా బయల్దేరిందో. ఈపాటికి వచ్చేయాలి."

రాజ్యం నవ్వింది. తల్లి నవ్వకపోయేసరికి తనూ ఆపేసింది.

"అదేంటమ్మా... తాయారంటే నువ్వే కదా?"

అవుననాలని ఆమె నోరు తెరిచింది.

బయట ఎవరో గేటు తీశారు.